బొట్టు పెట్టిన కవరు

అన్న పోయిన నాలుగో నెలలో సర్వర్ ఆగిపోయింది. శుక్రవారం పొద్దున గది తలుపు తీసేసరికి లోపల చప్పుడు లేదు. ఆ గదిలో ఎప్పుడూ ఫ్యాన్ల మోత ఉంటుంది. అది ఉందన్న సంగతి కొన్నేళ్ళుగా నేను పట్టించుకోలేదు. లేకపోయేసరికి గుమ్మంలోనే నిలబడిపోయాను. పెట్టె ముందువైపు చిన్న దీపం ఒకటి నారింజ రంగులో వెలిగి ఆరుతోంది. బటన్ నొక్కితే ఫ్యాన్లు రెండు క్షణాలు తిరిగి ఆగుతున్నాయి. మూడుసార్లు నొక్కి చూశాను. నాలుగోసారి నొక్కలేదు. పోతున్న బోర్డుకు పదేపదే కరెంటు ఇవ్వకూడదని నేర్పింది అన్నే.

నేను హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకుంటాను. అన్న అంటే నా సొంత అన్న కాదు. అక్కడ నాకు పైన పనిచేసిన మనిషి, నాకంటే పదమూడేళ్ళు పెద్ద. రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చేవాడు. నేను చేరేనాటికి నాకు తెలిసింది డిప్లొమాలో చెప్పినంతే. మిగతా పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కేబుల్ పీకేముందు ఫోటో తీయడం, ఏ స్క్రూ ఎక్కడిదో అట్టముక్క మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చి పెట్టడం, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం. ఈ మూడోది ఆయన చాలాసార్లు చెప్పేవాడు.

వానాకాలం మొదట్లో ఒక మంగళవారం ఆయన పనికి రాలేదు. గుండె ఆగిందని మధ్యాహ్నానికి కబురు వచ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలు నేను పని తప్ప మరొకటి చేయలేదు. పోయినవాళ్ళ గురించి పుస్తకాల్లో చాలా చదివి ఉన్నాను. అందులో ఎక్కువ భాగం రాసినవాళ్ళ గురించేనని ఆ నెలల్లో అనిపించింది. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

ఆ సర్వర్‌లో ఎనిమిదేళ్ళ స్కాన్ బొమ్మలు ఉన్నాయి. రిపోర్టుల రాత ప్రతిరోజూ వేరే డిస్కులోకి కాపీ అవుతుంది. బొమ్మలు చాలా చోటు తింటాయి. వాటికి రెండో పెట్టె కావాలని అన్న రెండుసార్లు అడిగాడు, పైవాళ్ళు వచ్చే ఏడాది చూద్దామన్నారు. అందుకని బొమ్మలకు ఉన్నది ఆ ఒక్క చోటే. మేము ఫిల్ములు ఇస్తాం కానీ జనం వాటిని దాచుకోరు. కంప్యూటర్లో ఉంటుందిలే అనుకుంటారు. అలా అనుకునేలా చేసింది కూడా మేమే.

ఆ శుక్రవారమే పాలకుర్తి దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమెకు ఊపిరితిత్తిలో చిన్న గడ్డ. ఏడాది కింద మా దగ్గరే స్కాన్ తీశారు. ఇప్పుడు మళ్ళీ తీసి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసి, పెరిగి ఉంటే ఆపరేషన్, లేకుంటే అక్కర్లేదు అని డాక్టర్ గారు చెప్పారట. అది తేల్చేది వచ్చే గురువారం. కొత్త స్కాన్ తీశారు, దానికి అడ్డం లేదు. కౌంటర్‌లో పాత ఫిల్ము అడిగారు. నేనూ అక్కడే ఉన్నాను.

"యాడిది బిడ్డా? మొన్నటి వానలకు ఇల్లంత కురిసింది. అటుక మీద వెట్టిన, నానిపోయి అట్టలెక్క అయింది."

"పాతది లేకుంటే ఎట్లమ్మా?"

"మీ కంప్యూటర్ల ఉన్నది గదా. ఆ పెద్దసారే చెప్పిండు. 'అవ్వా, నీ బొక్కలు, నీ బొండిగ అన్ని దీంట్లనే ఉన్నయి, నువ్వు ఫికర్ చెయ్యకు' అన్నడు. ఏడి, ఇయ్యాల కనవడ్తలేడు?"

పెద్దసారంటే అన్న. "లేడు పెద్దమ్మా" అన్నాను. "వచ్చినంక చెప్పు, నేను వచ్చిన్నని" అంది. అవునని తల ఊపాను.

సెంటర్ వ్యవహారాలు చూసే మేడమ్ దగ్గరకు వెళ్ళి చెప్పాను. పోయింది మదర్‌బోర్డు, డిస్కులు బాగున్నాయి, బోర్డు మారిస్తే బొమ్మలన్నీ వస్తాయి.

"పక్కానా? గురువారం లోపల కావాలె. ఆ ముసలామె ఒక్కతే గాదు, లైన్ల ఇంకా ఎంతమందో."

"పక్కానే మేడమ్. కీ ఉన్నది గదా."

కీ సంగతి కొంచెం చెప్పాలి. ఆరేళ్ళ కింద అన్న ఆ డిస్కులన్నిటికీ తాళం వేశాడు. ఎవరైనా పెట్టెను ఎత్తుకుపోయినా రోగుల బొమ్మలు చూడలేకుండా చేసే తాళం అది. రోజూ దాన్ని తెరిచేది బోర్డు మీదున్న ఒక చిన్న చిప్పు. తన బోర్డు తనకు కనిపించినంతకాలం అది ఎవరినీ ఏమీ అడగదు. బోర్డు మారిన రోజున మాత్రం యంత్రం అనుమానపడి నలభై ఎనిమిది అంకెల కీ అడుగుతుంది. ఆ అంకెలు ఇవ్వలేకపోతే డిస్కులు ఉన్నా లేనట్టే. తాళం వేసిన రోజు అన్న ఆ అంకెలను ప్రింటు తీసి, కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, మేడమ్ గదిలోని బీరువాలో పెట్టించాడు. ప్రింటు తీస్తున్నప్పుడు నేను గదిలో లేను. సీలు వేస్తున్నప్పుడు ఉన్నాను. కొవ్వొత్తి పట్టుకున్నది నేనే.

మా దగ్గర దసరాకు ఆయుధ పూజ గట్టిగానే చేస్తాం. స్కాన్ మిషన్లకు, జనరేటర్‌కు, అంబులెన్సుకు, చివర సర్వర్‌కు. సర్వర్‌కు పూజ చేసేది అన్నే. ముందువైపు జాలీకి పసుపు రాసి కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి, బీరువాలోంచి ఆ కవరు తెప్పించి పెట్టె మీద ఉంచేవాడు. కవరుకూ ఒక బొట్టు. హారతి అయ్యాక దాన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ లోపల పెట్టించేవాడు. రెండో ఏడో, మూడో ఏడో నేను అడిగాను.

"అన్నా, ఒక్కసారి ఇప్పి సూద్దామా? అంకెలు సరిగ్గ పడ్డయో లేదో."

"దేవుని ముంగట వెట్టిన కవరు ఇప్పుతవారా?"

"మళ్ళ సీల్ ఏద్దాం."

"లేజర్ ప్రింట్ తమ్మీ అది. మనిద్దరం పోయినంక గూడ చెక్కు చెదరది." అని అక్కడున్న నర్సుల వైపు తిరిగాడు. "సూసిన్రా? ఈయిన నా మీద గూడ ఆడిట్ పెడ్తాండు. నమ్మకం లేదురా నా మీద?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నమ్మకం లేదా అని అడిగించుకున్నాక మళ్ళీ అడగడం నాకు చేతకాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ అడగలేదు. ఈ ఏడు దసరాకు ఆయన లేడు. పూజ నేనే చేశాను. కవరు తెచ్చి, బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని, లోపల పెట్టించాను. విప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

అదే రకం బోర్డు, వాడినదే, హైదరాబాద్ నుంచి శనివారం సాయంత్రానికి వచ్చింది. ఆదివారం సెంటర్ మూసి ఉంటుంది. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను.

ముందు రెండు పవర్ కేబుళ్ళూ పీకాను. పీకిన తర్వాత కూడా బటన్ నొక్కి పట్టుకోవాలి, లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలి. మణికట్టుకు పట్టీ కట్టుకుని దాని వైరు కొసను రంగు లేని ఇనుము మీద బిగించాను. మన ఒంటి మీద పుట్టే కరెంటు మనకు తెలియదు కానీ చిప్పులను కాల్చడానికి అది చాలు. నాలుగు డిస్కులకూ సున్నా నుంచి మూడు దాకా కాగితాలు అంటించాను. అవి ఉన్న వరుసలోనే తిరిగి వెళ్ళాలి. మెమరీ ముక్కలకు వాటి గాడి నంబర్లు రాశాను. ఇవేవీ ఆలోచించి చేసే పనులు కావు, చేతులకు అలవాటు. పని జరుగుతుంటే ఆయన గొంతు వినబడుతూనే ఉంది. "ఆగు తమ్మీ. పీకుడు అందరికి అస్తది. యాడికెల్లి పీకినవో యాదుంచుకునుడే పని."

ప్రాసెసర్ మీద వేడిని లాగే అల్యూమినియం దిమ్మె ఉంటుంది. దాని స్క్రూలను ఒక మూల, తర్వాత ఎదురు మూల, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒకవైపే విప్పితే బరువంతా రెండోవైపు పడుతుంది. దిమ్మెను పైకి గుంజకూడదు. అటూ ఇటూ కొద్దిగా తిప్పితే ఎండిన పేస్టు పట్టు వదులుతుంది, అప్పుడు ఎత్తాలి. ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీసి పక్కన పెట్టాను. కొత్త బోర్డులో అది కూర్చునే చోట వెంట్రుకంత పిన్నులు వందల్లో ఉంటాయి. ఒక్కటి వంగినా ఆ బోర్డు పనికిరాదు. వాటి మీది ప్లాస్టిక్ మూతను చివరి క్షణం దాకా తీయలేదు.

పాత బోర్డు ఎత్తితే కింద ఇనుప రేకు మీద ఎర్రటి పొడి ఉంది. తుప్పు అనుకున్నాను. వేలితో తాకితే కుంకుమ. ముందున్న ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతాయి. ఏటా జాలీకి పెట్టిన పసుపు, కుంకుమ ఎండి రాలి, ఆ గాలితో లోపలికి పోయి, వానాకాలం చెమ్మకు తడిసి, బోర్డుకు కరెంటు వచ్చే చోట అంటుకుపోయాయి. అక్కడ రాగికి పచ్చటి చిలుము పట్టి తినేసింది. పూజ చేసి చేసి దాన్ని పాడుచేసింది మేమే. అయినా అప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు. ఈ ఏడు బొట్టు నాది కూడా అందులో ఉంది.

రేకును తుడిచి కొత్త బోర్డు కూర్చోబెట్టాను. స్క్రూలన్నీ ముందు చేత్తో పట్టించి, తర్వాతే బిగించాను. ఫోటోలు చూసుకుంటూ కేబుళ్ళు పెట్టాను. మూడు గంటలకు కరెంటు ఇచ్చాను. ఫ్యాన్లు తిరిగాయి, ఆగలేదు. నాలుగు డిస్కులూ వరుస తప్పకుండా కనిపించాయి. తర్వాత నీలం తెర వచ్చి కీ అడిగింది. అడుగుతుందని తెలుసు. మేడమ్‌కు ఫోన్ చేశాను.

ఆమె ఇంటి నుంచి ఆటోలో వచ్చింది. బీరువా తెరిచి, కవరు ముట్టుకునేముందు చెప్పులు విడిచింది. కవరు మీద బొట్లు ఒకదాని పక్కన ఒకటి ఎండి నల్లబడ్డాయి.

"నేను ఇప్ప. నువ్వే ఇప్పు" అంది.

సీలు విరిచాను. లోపల నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం ఒకటి ఉంది. విప్పి చూశాను. ఏమీ లేదు. తిప్పి చూశాను. అటువైపూ లేదు. కవరులో వేళ్ళు పెట్టి వెతికాను. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకున్నాను.

"ఇంకు ఎగిరిపోయినట్టుంది" అంది మేడమ్. "ఆరేండ్లాయె గదా."

"లేజర్ ప్రింట్ ఎగిరిపోదు మేడమ్."

"మరి?"

జవాబు నాకు తెలుసు. కానీ ఆ కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచి కవరులో పెట్టే పనిలో ఉన్నట్టు తల వంచుకున్నాను.

ఆయన సొరుగు వెతికాం. ఆయన కంప్యూటర్‌లో ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. చివరికి వదినకు ఫోన్ చేశాను, ఆయన వస్తువుల్లో అంకెలు ఉన్న కాగితం ఏదైనా ఉందా అని.

"సంచిల టిఫిన్ డబ్బా, రైలు పాస్, కండ్లద్దాలు. గంతే తమ్మీ. ఏమన్న ఆగమైందా ఆడ?"

"ఒక కాగితం దొరుకుతలేదు వదినా."

"దొరుకుతది. ఆయన ఏది వెట్టినా జాగల వెడ్తడు. మంచిగ సూడు." పెట్టేసేముందు, "నీ గురించే చెప్తుండె రోజు. పని అంత నీకే ఒప్పజెప్పిన అని" అంది.

ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాయను, పట్టింది. సోమవారం పొద్దున లేచాక మిగిలిన దారి ఒకటే అని స్పష్టంగా తెలిసింది. పాత బోర్డు మీది చిప్పు బతికే ఉంటుంది. ఆ బోర్డు ఒక్కసారి లేస్తే చాలు, తాళం తనంతట తనే తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక అడిగితే ఆ అంకెలను యంత్రమే చూపిస్తుంది. తుక్కులో వేయడానికి పక్కన పెట్టిన బోర్డును మళ్ళీ సంచిలో చుట్టి, చౌరస్తా వెనక సందులో టీవీలు బాగుచేసే చాచా దగ్గరకు తీసుకుపోయాను. ఆయనకు సర్వర్లు తెలియవు. టంకం మాత్రం జిల్లాలో ఆయనంత శుభ్రంగా వేసేవాళ్ళను నేను చూడలేదు.

బోర్డు చూసి చాచా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

"ఏంది బేటా ఇది? బోర్డ్ తెచ్చినవా, పెండ్లిపీట తెచ్చినవా? పసుపు, కుంకుమ... జర సూడు, అచ్చింతలు గూడ ఉన్నయేమో."

నిజంగానే ఉన్నాయి. ఒక బియ్యపు గింజ మెమరీ గాడి మధ్యలో ఇరుక్కుని ఉంది. చాచా దాన్ని పట్టుకారుతో తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇగో, ఆశీర్వాదం తీస్కో."

"ఒక్కసారి లేవాలె చాచా. పది నిమిషాలు నడిస్తె సాలు."

"పది నిమిషాల కోసం రిపేర్ ఎవడన్న చేయిస్తడా? కొత్తది తెచ్చుకోరాదు?"

"తెచ్చిన. అది కీ అడుగుతాంది. 'పెట్టిన' అని చెప్పినోడు కీ పెట్టలే."

"పోయి అడుగు వాన్ని. కాలర్ వట్టుకొని అడుగు."

"పోయిండు చాచా. నాలుగు నెలలాయె."

చాచా కళ్ళద్దాలు కిందికి దించుకుని బోర్డును తన వైపు లాక్కున్నాడు. తర్వాత, "ఇగ పోయినోనితోని ఏం పంచాయితి వెట్టుకుంటవ్. ఆ స్పిరిట్ సీస ఇటియ్యి" అన్నాడు.

పాత పళ్ళ బ్రష్షుతో, స్పిరిట్‌తో మూడుసార్లు కడిగాడు. ఆ చిన్న చిప్పునూ, దాని పక్కన రూపాయి బిళ్ళంత బ్యాటరీనీ తాకవద్దని నేను చెబుతూనే ఉన్నాను. "నువ్వు గమ్మున చాయ్ తాగు" అని ఆయన అంటూనే ఉన్నాడు. ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాడు. చిలుము రాగిని తినేసిన చోట సన్నని తీగ వేసి కలిపాడు. మంగళవారం అంతా ఎండనిచ్చాడు. బుధవారం పొద్దున ఇస్తూ, "లేస్తె లేస్తది. లేసినంక మాత్రం పండనియ్యకు, మళ్ళ లేవది" అన్నాడు.

ఆ బుధవారం పొద్దున పదకొండుకు కొత్త బోర్డు తీసి పాతది పెట్టాను. పని అదే. కేబుళ్ళు పీకడం, బటన్ నొక్కి పట్టుకోవడం, మణికట్టు పట్టీ, ఎదురు మూలల స్క్రూలు. చేతులు వాటి పని చేశాయి. గొంతు వినబడలేదు. వినబడితే ఏం చేయాలో నాకు తెలియదు కాబట్టి, అదే మంచిదయింది.

మేడమ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. మొదటిసారి బటన్ నొక్కితే ఏమీ జరగలేదు. రెండోసారి ఫ్యాన్లు తిరిగి ఆగాయి. మెమరీ ముక్కలు తీసి, కొసలు తుడిచి, రెండే పెట్టి మూడోసారి నొక్కాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తెర నల్లగా చాలాసేపు ఉంది. తర్వాత కీ అడగకుండా, ఎప్పటిలాగే, లోపలికి వెళ్ళడానికి పాస్‌వర్డు అడిగింది.

"అయిందా?" అంది మేడమ్.

"ఇంక కాలే."

లోపలికి వెళ్ళి ఒక వరుస ఆదేశం టైపు చేశాను. నలభై ఎనిమిది అంకెలు తెర మీదికి వచ్చాయి. రెండు ప్రింట్లు తీశాను. నోటుపుస్తకంలో చేత్తో రాసుకున్నాను. మేడమ్ తెర చూసి పైకి చదువుతుంటే కాగితం మీద ఒక్కో అంకె మీదా గీత పెట్టాను. తర్వాత పెద్దమ్మ పాత స్కాన్ వెతికి వేరే డిస్కులోకి కాపీ చేశాను. ఆ బోర్డు దాదాపు గంటసేపు నడిచి, తనంతట తనే ఆగిపోయింది. అప్పటికి దానితో పని లేదు. మధ్యాహ్నం కొత్త బోర్డు మళ్ళీ పెట్టి, అంకెలు కొట్టి, తాళం తెరిచాను. బొమ్మలన్నీ ఉన్నాయి.

అంకెలు రాసుకుంటున్నప్పుడు గోడ గడియారం చూశాను. పాస్‌వర్డు కొట్టిన దగ్గర నుంచి ప్రింటు చేతికి వచ్చేదాకా పది నిమిషాలు కాలేదు. తాళం వేసిన రోజు ప్రింటు రాకపోయి ఉండొచ్చు. ప్రింటర్‌లో కాగితాలు ఇరుక్కుని ఉండొచ్చు, మేడమ్ తొందర పెట్టి ఉండొచ్చు. అది నాకు అర్థమవుతుంది. కానీ సర్వర్ నడుస్తున్నంతకాలం, ఆ ఆరేళ్ళలో ఏ రోజైనా, చాయ్ చల్లారేలోపు ఆయన ఆ పని చేసి ఉండొచ్చు. కొత్త కవరు, కొత్త సీలు. ఎవరూ అడిగేవారు కాదు. ఆయన అది చేయలేదు. ఖాళీ కాగితాన్ని ఏటా కళ్ళకద్దుకున్నాడు.

ఇది రాయడం కష్టం కానీ రాయాలి. ఆ పాస్‌వర్డు నాకూ తెలుసు. ఆ పది నిమిషాల పని నేనూ చేసి ఉండొచ్చు. చేస్తే ఆయనను నమ్మనట్టు అవుతుందని చేయలేదు.

గురువారం డాక్టర్ గారు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశారు. గడ్డ పెరగలేదు. పెద్దమ్మ బయటికి వచ్చి నా గది దగ్గర ఆగింది.

"కోసుడు లేదంట బిడ్డా. ఆ పెద్దసారుకు చెప్పు, ఆయన దాసిపెట్టిన బొమ్మనే అక్కరకొచ్చిందని."

"చెప్త పెద్దమ్మా" అన్నాను. ఆటో దాకా తోడు వెళ్ళి ఎక్కించి వచ్చాను.

శుక్రవారం మేడమ్ రిపోర్టు రాసిమ్మంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, పైవాళ్ళకు పంపాలి. "జర నార్మల్‌గ రాయి. ఆయన పోయిండు, ఇంట్ల ఆమె ఉన్నది. టెక్నికల్ ప్రాబ్లం అని రాస్తే అయిపోతది" అంది.

రాయడానికి పాత రిజిస్టర్లు తీశాను. ఏటా ఒక తనిఖీ ఫారం నింపుతాం. అందులో ఒక వరుస, "రికవరీ కీ ఉన్నదా, సరిచూశారా" అని. ఆరేళ్ళూ "ఉన్నది, సరిచూశాము" అని రాసి ఉంది. ఆరు చోట్లా రాత నాది, సంతకం నాది. ఆ ఫారం నింపేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని, తన రాత తనకే అర్థం కాదని అనేవాడు. నాకది గౌరవంగా ఉండేది. కింద పై అధికారి సంతకానికి ఒక గడి ఉంది. ఈ ఏటి ఫారం ఆయన పోయాక నింపింది. ఆయన ఉన్న అయిదేళ్ళూ ఆ గడి ఖాళీ.

ఆయనకు సంతకాలు పెట్టడం అలవాటు లేదేమో అనుకుని మిగతా ఫారాలు తిరగేశాను. ఏసీ సర్వీసు కాగితాల మీద ఆయన సంతకం ఉంది. బ్యాటరీల కాగితాల మీద ఉంది. మంటలార్పే సిలిండర్ల కాగితం మీద కూడా, తేదీ వేసి, కింద రెండు గీతలతో ఉంది. ఆ ఒక్క ఫారం మీదే లేదు. ఒక్క ఏడూ లేదు.

ఆ పుస్తకాలన్నీ బల్ల మీద తెరిచి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఖాళీ కవరుకు నేను ఏదో ఒక కారణం వెతికి ఉండేవాణ్ణి. అప్పటికే సగం వెతికాను కూడా. సిగ్గు, బద్ధకం, మరచిపోవడం. ఈ ఖాళీ గడులకు వెతకలేకపోయాను. ఎప్పుడైనా ఆ రోజు వస్తే ఎవరి పేరు ఉండాలో ఆయన ముందే చూసుకున్నాడు. ఆ పేరు నాది. నాకు పని నేర్పుతున్న అదే చేతితో చూసుకున్నాడు.

రిపోర్టు ఒక పేజీ వచ్చింది. పసుపు కుంకుమ లోపలికి పోయి బోర్డు పాడయిందని రాశాను. కవరులో కీ లేదని, ఆరేళ్ళుగా చూడకుండానే సరిచూశామని సంతకం పెట్టింది నేనని రాశాను. ఇకమీదట కీ కవరును ఏటా ఇద్దరి ముందు విప్పి చూడాలని, సర్వర్ గదిలో పూజ గుమ్మం బయటే చేయాలని రాశాను.

మేడమ్ రెండుసార్లు చదివింది.

"ఇదేంది? అంత నీ మీదనే ఏసుకున్నవ్? ఆయన పేరే లేదు."

"ఆయన యాడ సంతకం పెట్టలే మేడమ్."

ఆమె నా ముఖం చూసి, రిజిస్టర్ తన వైపు లాక్కుని పేజీలు తిరగేసింది. అయిదో పేజీ దగ్గర ఆగి మూసేసింది. "నేను మాట్లాడ్త పైన. నువ్వయితే ఫికర్ చెయ్యకు" అంది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నాకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగం ఉంది.

ఆ తర్వాతి వారం వదిన ఫోన్ చేసింది. "ఎల్లుండి అయిదో మాసికం తమ్మీ. పొద్దుగాలనే రా. ఆయనకు ఇష్టమని పచ్చిపులుసు చేస్తాన." ఆ నాలుగు నెలల్లో నాలుగు మాసికాలకూ వెళ్ళాను, పీటలు వేశాను, వడ్డించాను. "ఆ కాగితం దొరికిందా మరి?" అని అడిగింది.

"దొరికింది వదినా" అన్నాను. "ఎల్లుండి డ్యూటీ ఉన్నది, రాలేను."

ఎల్లుండి ఆదివారం. సెంటర్ మూసి ఉంటుందని ఆమెకూ తెలుసు. "మంచిది తమ్మీ" అని ఫోన్ పెట్టేసింది.